గోడ మీద రంగు కప్పలేదని మిస్త్రీని దొంగ అనేముందు



ఈసారి రాస్తున్నది సభల గురించి కాదు, పిల్లల తెలుగు తరగతుల గురించి కాదు. గోడలకి వేసే రంగు గురించి. నవ్వకండి. వానలు తగ్గగానే మన బరంపురంలో ప్రతి వీధిలోనూ రెండు మూడు ఇళ్ళ ముందు నిచ్చెనలు లేస్తాయి. దసరాకి కొందరు, దీపావళికి కొందరు, ఇంట్లో పెళ్ళి చూపులో నిశ్చితార్థమో ఉంటే మరి కొందరు. రెండేళ్ళకొకసారి వచ్చే ఠాకురాణి యాత్ర ఏడాదైతే ఇక చెప్పనక్కర్లేదు. రంగులు వేసినన్ని రోజులూ బాగానే ఉంటుంది. ఆరిన తరవాత లైటు వేసి చూసినప్పుడు మొదలవుతుంది గొడవ. "పాత రంగు తొంగి చూస్తోంది, మచ్చలు మచ్చలుగా ఉంది, డబ్బులివ్వం."

ఈ ఏడాది ఇలాంటి తగవులు సంఘం దాకా మూడు వచ్చాయి. రెండు మాటలతో తేలిపోయాయి. మూడోదానిలో ఒక మనిషి పేరు వీధిలో పడింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాం. ఆ ఇంటివాళ్ళూ, ఆ రంగు మిస్త్రీ కూడా రాయమన్నారు. పేర్లు మాత్రం వేయడం లేదు. ఇల్లెవరిదో తెలిసినవాళ్ళు కూడా కింద వేయకండి.

ఇల్లు మన పాత వీధి ఇల్లే. గోడకి గోడ ఆనుకుని, వీధరుగు నుంచి పెరడు దాకా రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు హాలు, తరవాత నడిమి గది, ఆ వెనక వంటిల్లు. ఆ ఇంటి పెద్దావిడ రిటైరైన టీచరు. మనలో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళమే. కొడుకు బెంగళూరులో ఉంటాడు. మనవరాలి నిశ్చితార్థం ఇంట్లోనే చేద్దామని హాలుకీ నడిమి గదికీ రంగులు పెట్టించారు. మనవరాలు షేడు కార్డులో ఏరింది మంచి నిమ్మపండు పసుపు. కొడుకు కొట్టుకి ఫోను చేసి పది లీటర్ల బకెట్టు ఇంటికి పంపించాడు. కొట్టువాడు "రెండు కోట్లు చాలు బాబూ, ప్రైమరు కూడా అక్కర్లేదు" అన్నాడట. మిస్త్రీ మన వీధి మనిషే. తండ్రి సున్నాలు కొట్టేవాడు, ఇతను ఎమల్షన్లు వేస్తాడు. కూలి పదహారు వేలకి మాట్లాడుకున్నారు, ఏడు వేలు ముందు ఇచ్చారు.

రెండు కోట్లయ్యాక హాల్లో కింద నాలుగడుగుల మేర పాత ఆకుపచ్చ తేలుతూనే ఉంది. పసుపు పసుపులా లేదు, పచ్చి మామిడికాయ రంగులోకి తిరిగింది. పైన పుట్టీ పెట్టిన చోటల్లా వేరే నీడ. మిస్త్రీ ఇంకో నాలుగైదు లీటర్లు కావాలన్నాడు. కొడుకు వద్దన్నాడు, ఉన్నదాంట్లోనే లాగమన్నాడు. మూడో కోటు లాగాడు. అయినా కప్పలేదు. అప్పుడు ఫోనులో అన్న మాట, "పక్కింట్లో ఇదే కొట్టు, ఇదే కంపెనీ, ఇంతే గదులు. వాళ్ళకి పది లీటర్లలో ఇంకా మిగిలింది. మనకి చాలలేదంటే రంగు ఎక్కడికి పోయినట్టు?" ఆ మాట ఇంట్లో ఆగలేదు. అరుగు దిగి వీధిలో పడింది. రెండు రోజుల్లో "ఫలానావాడు పెయింటు అమ్ముకున్నాడట" అయింది. అతనికి ఒప్పుకున్న ఇంకో ఇంటివాళ్ళు పని మానిపించారు.

మిస్త్రీ మా దగ్గరికి వచ్చి తొమ్మిది వేల గురించి అడగలేదు. "డబ్బులు ఎప్పుడిచ్చినా సరే బాబూ, టీచరమ్మ దగ్గర నేను నాలుగో తరగతి చదువుకున్నాను. ఆ ఇంట్లో దొంగనని పేరు పడితే ఇక ఈ వీధిలో నిచ్చెన ఎత్తలేను" అన్నాడు.

మేము ముగ్గురం వెళ్ళాం. మాలో ఒకాయన రైల్వే వర్కుషాపులో పెయింటు పని చూసి రిటైరైనవారు. వెళ్తూ ఒక టేపు, ఎమరీ పేపరు ముక్క, చిన్న బ్లేడు జేబులో వేసుకున్నారు. తీర్పులు చెప్పడానికి వెళ్ళలేదు. గోడని చూడడానికి వెళ్ళాం.

ముందు లెక్క. హాలు పదహారు అడుగుల పొడవు, పది వెడల్పు. ఎత్తు పదకొండు. చుట్టుకొలత 52 అడుగులు, ఎత్తుతో గుణిస్తే 572 చదరపు అడుగులు. రెండు తలుపులు, రెండు కిటికీలు తీసేస్తే సుమారు 500. నడిమి గది పన్నెండు, పది. తలుపులు తీసేస్తే సుమారు 440. మొత్తం 940 చదరపు అడుగులు. పెరట్లో టీచరుగారు కరివేపాకు మొక్క పెట్టిన ఖాళీ బకెట్టు అదే. దాని మీద కంపెనీవాళ్ళు రాసింది, లీటరుకి రెండు కోట్ల మీద 100 నుంచి 120 చదరపు అడుగులు. అంటే ఒక్క కోటుకైతే 200 నుంచి 240. మూడు కోట్లంటే 940 మూడు సార్లు, 2820 అడుగులు. దానికి కావలసిన రంగు 12 నుంచి 14 లీటర్లు. కొన్నది పది.

కొడుకుని ఫోనులో స్పీకరు మీద పెట్టి ఈ లెక్క వినిపించాం. చదువుకున్నవాడు, వెంటనే పట్టుకున్నాడు. "మరి పదితో మూడు కోట్లు ఎలా వచ్చాయి బాబాయ్?" అన్నాడు. నీళ్ళతో వచ్చాయి. లాగమంటే లాగడానికి ఉన్న దారి అదొక్కటే. బకెట్టు మీద రాసినదానికంటే ఎక్కువ నీళ్ళు కలిపితే రోలరు తేలిగ్గా తిరుగుతుంది, గోడంతా తడుస్తుంది, కానీ గోడ మీద మిగిలే పొర పలచనవుతుంది. మూడు పలచని కోట్లు రెండు సరైన కోట్లకి సమానం కాకపోవచ్చు. ఇక బకెట్టు బయటికి పోయిందా అంటే, టీచరుగారే చెప్పారు, "రాత్రిళ్ళు అది నా వంటింట్లోనే ఉండేది, తాళం నా కొంగుకే."

దొంగతనం సంగతి అక్కడితో అయిపోయింది. కానీ పక్కింట్లో కప్పిన రంగు ఇక్కడ ఎందుకు కప్పలేదు అన్న ప్రశ్న మిగిలింది. అది తేలకపోతే అనుమానం మళ్ళీ మొలుస్తుంది. పక్కింటికి కూడా వెళ్ళి చూశాం. వాళ్ళ పాత గోడ తెలుపు. వేసింది లేత క్రీము. ఇక్కడ పాత గోడ ముదురు ఆకుపచ్చ. వేసింది మెరిసే పసుపు. తేడా అంతా ఇక్కడే ఉంది.

నేతవీధుల వాళ్ళం కాబట్టి ఇలా చెప్తే అందరికీ అర్థమవుతుంది. పలచటి పసుపు నూలుచీర కింద తెల్ల లంగా కడితే చీర పసుపుగానే కనపడుతుంది. అదే చీర కింద ఆకుపచ్చ లంగా కడితే రంగు మారిపోతుంది. చీర మారలేదు, కట్టుకున్నావిడా మారలేదు. గోడ సంగతీ అంతే. ఎమల్షన్ కూడా ఒక పలచటి చీరే. కింద ఏముందో దాన్ని బట్టి పైది కనపడుతుంది.

కొన్ని చీరలు దట్టం, కొన్ని పలచన. రంగుల్లోనూ అంతే. కింది గోడని దాచే శక్తి ముఖ్యంగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడిది. వెలుగుని వంచి వెనక్కి చెదరగొట్టడంలో దానికి సాటి వచ్చే తెల్లపొడి లేదు. దాని వక్రీభవన గుణకం 2.7 దాకా ఉంటుంది. రంగుని గోడకి అంటించే జిగురుది సుమారు 1.5. ఈ రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే కింది గోడ అంత దాగుతుంది. సుద్దది 1.6 దరిదాపు, జిగురుకి దాదాపు సమానం. అందుకని జిగురులో మునిగిన సుద్ద వెలుగుని ఆపలేదు. చవక రంగుల్లో ఖరీదైన తెల్లపొడి తగ్గించి సుద్ద పెంచుతారు. బకెట్టు బరువు అంతే ఉంటుంది, కప్పే గుణం ఉండదు.

టీచరుగారి ఇంట్లోనే కూర్చున్నాం కాబట్టి పలక గుర్తొచ్చింది. తడి పలక మీద సుద్దముక్కతో రాస్తే ఆ క్షణంలో సరిగా కనపడదు. ఆరగానే తెల్లగా తేలుతుంది. సుద్ద రేణువుల మధ్య నీళ్ళు పోయి గాలి చేరడమే కారణం. సున్నం కూడా అంతే. కుంచెతో కొట్టినప్పుడు గోడ తడిగా నల్లగా ఉంటుంది, మర్నాడు పొద్దున్నకి తెల్లబడుతుంది. మన పెద్దవాళ్ళకి ఇది తెలుసు. అందుకే సున్నం కొట్టిన రోజు ఎవరూ తగవు పెట్టుకునేవారు కాదు. ఎమల్షన్ని కూడా తడిమీద చూసి తీర్పు చెప్పకూడదు. పూర్తిగా ఆరాక, పగటి వెలుగులో చూడాలి.

ఇక పసుపు. లేత క్రీము, లేత గులాబీ లాంటివి తెల్లపొడి నిండుగా ఉన్న బేసులో నాలుగు చుక్కల రంగు కలిపి చేస్తారు. మెరిసే పసుపు, ఎరుపు, నారింజ కావాలంటే అంత తెలుపు ఉంటే కుదరదు, రంగు వెలిసిపోతుంది. అందుకని కొట్లో మిషను మీద అలాంటి షేడ్లకి తెల్లపొడి తక్కువున్న బేసు తీసుకుంటారు. షేడు కార్డులో ఎంత మెరుపుంటే కప్పే శక్తి అంత తక్కువ అనుకుంటే పెద్దగా తప్పు పోరు. ఇది నాసిరకం రంగులకే కాదు, మంచి కంపెనీల పసుపుకీ వర్తిస్తుంది.

"మా నాన్నగారి రోజుల్లో పసుపు ఒక్క కోటుతో కప్పేది" అని టీచరుగారు అన్నారు. నిజమే. ఆ రోజుల్లో పసుపు, ఆకుపచ్చ ఆయిలు పెయింట్లలో లెడ్ క్రోమేట్ వాడేవారు. దాని రంగూ గట్టిదే, కప్పే శక్తీ గట్టిదే. కానీ అందులో ఉన్నది సీసం. అది చిన్నపిల్లల మెదడుకి చేటు. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పటి పసుపు ఒక్క కోటుతో కప్పకపోవడానికి అదీ ఒక కారణం. మనవలు పాకే ఇంట్లో ఇంకో కోటు ఖర్చు పెట్టుకోవడం మంచి బేరమే.

ఈ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. హాల్లో కింద ఉన్న ఆ పాత ఆకుపచ్చ ఆయిలు పెయింటు ఏనాటిదో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అలాంటిదాన్ని పొడిగా ఎమరీ పెట్టి గీకితే లేచే దుమ్ములో సీసం ఉండొచ్చు. నీళ్ళు చల్లుతూ తడి ఎమరీతో రుద్దాలి. రుద్దేవాడు ముక్కుకి మంచి మాస్కు కట్టుకోవాలి. చిన్నపిల్లలూ గర్భిణులూ ఆ గదిలో ఉండకూడదు. అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. మిస్త్రీ ఊపిరి కూడా ఊపిరే.

ఇప్పుడు ఆ గోడలో ఏం జరిగిందో చెప్తాం. రైల్వే ఆయన బ్లేడుతో తలుపు వెనక మూలన గోరంత పెచ్చు లేపారు. కింది నాలుగడుగుల్లో పసుపు పొర పొరగా సునాయాసంగా లేచొచ్చింది. వెనక ఆకుపచ్చ అద్దంలా నున్నగా ఉంది. అంటే ఆయిలు పెయింటు మీద ఎమరీ సరిగా పడలేదు, ప్రైమరు లేదు. నున్నటి గోడ మీద నీళ్ళ రంగు నిలవదు, జారి పలచబడుతుంది. అందుకే అక్కడ మరీ కప్పలేదు. పైభాగంలో కారణం వేరు. అక్కడ పాత డిస్టెంపరు. గుంతల్లో పుట్టీ పెట్టి, దాని మీద ప్రైమరు లేకుండానే రంగు వేశారు. పుట్టీ స్పంజిలా రంగుని పీల్చుకుంటుంది, చుట్టూ ఉన్న గోడ అంతగా పీల్చుకోదు. అందుకని పుట్టీ ఉన్న చోటల్లా మచ్చ. ఎన్ని కోట్లు వేసినా ఆ మచ్చ తొందరగా పోదు. నడిమి గదిలో పాత రంగు లేత క్రీము, గోడ ఒకేలా ఉంది, అక్కడ మూడో కోటుకి బాగానే వచ్చింది. ఒకే బకెట్టు, ఒకే చెయ్యి, రెండు గదులు, రెండు ఫలితాలు. తేడా గోడలోనే ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మిస్త్రీ తప్పు ఏమీ లేదని మేము అనలేదు. ప్రైమరు లేకుండా ఆయిలు పెయింటు మీద వేస్తే నిలవదని అతనికి తెలుసు. ఒకసారి చెప్పాడట, వాళ్ళు వద్దంటే ఊరుకున్నాడు. "పెద్దింటి పని, గట్టిగా చెప్తే చేజారుతుందేమోనని" అన్నాడు. ఎమరీ కూడా పైపైన రుద్దాడు. ఆ మాట అతని ముఖం మీదే చెప్పాం, ఒప్పుకున్నాడు.

చివరికి ఒప్పుకున్నది ఇది. తొమ్మిది వేలు అప్పటికప్పుడు ఇచ్చేయాలి. హాల్లో కింది నాలుగడుగులు మళ్ళీ ఎమరీ పట్టే పని మిస్త్రీ కూలి లేకుండా చేస్తాడు. ప్రైమరు, కొత్త రంగు ఖర్చు, ఆ కోట్ల కూలి ఇంటివాళ్ళది. కింది భాగానికి ఆయిలు ప్రైమరు, పుట్టీ మచ్చల మీద మామూలు ప్రైమరు. దాని మీద హాలంతా ఒక కోటు లేత క్రీము, ఆ పైన రెండు కోట్లు పసుపు. క్రీము పక్కింట్లో మిగిలినదే మూడు లీటర్లు ఉంది, వాళ్ళు ఊరికే ఇచ్చారు. 500 అడుగులకి ఒక కోటంటే రెండున్నర లీటర్లు చాలు. పసుపు ఇంకో అయిదు లీటర్లు కొన్నారు. కోటుకీ కోటుకీ మధ్య నాలుగు గంటలని డబ్బా మీద ఉన్నా, ఆ వారం ముసురు పట్టి ఉంది కాబట్టి ఒక్కో కోటు మర్నాటి దాకా ఆగి వేశాడు. ఆకుపచ్చ మళ్ళీ కనపడలేదు.

డబ్బు లెక్క అలా తేలింది. మాట లెక్క మిగిలింది. కొడుకు ఫోనులో "పొరపాటుగా అన్నాను" అన్నాడు. మిస్త్రీ తల ఊపాడు కానీ కదల్లేదు. టీచరుగారికి అర్థమైంది. అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు. సాయంత్రం వేళ, ఎదురింటివాళ్ళూ కుళాయి దగ్గరున్నవాళ్ళూ చూస్తున్నారు. "మా రంగు ఎవరూ తీయలేదమ్మా. కొన్నదే చాలలేదు. ఈ అబ్బాయి నా దగ్గర చదువుకున్నవాడు, మళ్ళీ అతనే వేస్తున్నాడు" అని అందరికీ వినపడేలా చెప్పారు. వీధిలో పడ్డ మాటని వీధిలోనే తీయాలి. ఫోనులో తీస్తే పోదు. ఆవిడకి అది తెలుసు. మర్నాడు పని మానిపించిన ఇంటివాళ్ళు మళ్ళీ పిలిచారు.

ఇక మన ఇళ్ళ సంగతి. రంగు వేయించేముందు గోడని నాలుగు రకాలుగా చూసుకోండి. పెద్ద పనేం కాదు.

పొడి అరచేత్తో గోడని గట్టిగా రుద్దండి. చేతికి తెల్లపొడి అంటితే అది పాత సున్నమో డిస్టెంపరో. ఏటేటా వేసిన సున్నం పొరలు మన పాత ఇళ్ళలో చాలా మందంగా ఉంటాయి. దాని మీద నేరుగా ఎమల్షన్ వేస్తే ఆ పొడికే అంటుకుంటుంది, గోడకి కాదు. గీకి, కడిగి, ఆరబెట్టి, ప్రైమరు వేయాలి.

గోడ మెరుస్తూ, నీళ్ళు చల్లితే జారిపోతుంటే అది ఆయిలు పెయింటు. పైన చెప్పినట్టు తడి ఎమరీ, ఆ తరవాత ఆయిలు ప్రైమరు.

వంటింటి పొగ పట్టిన గోడైతే ముందు సబ్బునీళ్ళతో కడగాలి. పొగ మరకా, పాత కారుడు మరకా నీళ్ళ రంగులో కరిగి పైకి ఊరతాయి. మూడు కోట్లు వేసినా గోధుమరంగు మచ్చ మళ్ళీ వస్తుంది. వాటి మీద కూడా ముందు ఆయిలు ప్రైమరే వేయాలి.

నాలుగోది చెమ్మ. దీనికి ఏ రంగూ మందు కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డు దాటినప్పుడు తడిసి పగిలిన గోడలు మన వీధుల్లో ఇప్పటికీ ఉన్నాయి. గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు కాబట్టి మన హాల్లో చెమ్మకి కారణం పక్కింటి స్నానాలగది కూడా కావచ్చు. తెల్లగా ఉప్పు పూసి, పెచ్చులూడే గోడకి ఎంత మంచి రంగు వేసినా ఏడాది తిరక్కుండానే ఊడుతుంది. ముందు నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో చూసి ఆపండి. గోడ ఆరాకే డబ్బా మూత తీయండి. కొత్తగా సిమెంటు పూసిన గోడని కూడా కనీసం నాలుగు వారాలు ఆరనివ్వాలి.

రంగు కలిపేటప్పుడు రెండు జాగ్రత్తలు. డబ్బా అడుగున చిక్కగా పేరుకున్నదే అసలు సరుకు. కర్రతో అడుగంటా కలపకుండా పైది వాడితే మొదటి గోడ పలచగా, చివరి గోడ చిక్కగా వస్తుంది. రెండు మూడు డబ్బాలు కొంటే అన్నీ ఒక పెద్ద బకెట్టులో పోసి కలిపి మొదలుపెట్టాలి. నీళ్ళు డబ్బా మీద రాసినంతే, గ్లాసుతో కొలిచి కలపాలి.

అన్నిటికంటే ముందు ఒక పరీక్ష. మొత్తం రంగు కొనకండి. ఒక లీటరు తెప్పించి, గోడలో అన్నిటికంటే ముదురుగా ఉన్న చోట రెండడుగుల చదరంగా రెండు కోట్లు వేయించి మర్నాడు పగలు చూడండి. అక్కడ కప్పితే ఇల్లంతా కప్పుతుంది. కప్పకపోతే ప్రైమరో, కింద లేత కోటో కావాలని ముందే తెలుస్తుంది. లీటరు ఖర్చుతో తేలే విషయానికి ఒక మనిషి పేరు ఖర్చు పెట్టక్కర్లేదు.

మిస్త్రీతో ఒప్పందం "రెండు కోట్లు" అని కాదు, "పాత రంగు కనపడకుండా" అని చేసుకోండి. ఎన్ని కోట్లు పడతాయో పరీక్ష చతురస్రం చూసి ఇద్దరూ కలిసి తేల్చుకోండి. ఒక కాగితం మీద ఈ అయిదు సంగతులు రాసుకుంటే చాలు:

1. గోడ ఎన్ని చదరపు అడుగులు, ఎవరు కొలిచారు.
2. పాత గోడ మీద ఏముంది, దానికి ఏ ప్రైమరు.
3. ఎన్ని కోట్లు, ఎన్ని లీటర్లు, చాలకపోతే ఎవరు కొనాలి.
4. కూలి ఎంత, ఎప్పుడెప్పుడు ఎంత ఇవ్వాలి.
5. పని అయ్యాక పగటి వెలుగులో ఇద్దరూ కలిసి చూసే రోజు.

ఈ కాగితం తెలుగులో ఒకవైపు, ఒడియాలో ఒకవైపు అచ్చు వేయించి సంఘం గదిలో పెడుతున్నాం. మన మిస్త్రీల్లో తెలుగు మాట్లాడేవాళ్ళున్నా చదివేవాళ్ళు తక్కువ. ఒడియా చదవగలరు. ఇంటివాళ్ళలో పెద్దవాళ్ళకి తెలుగే సులువు. రెండూ ఉంటే ఎవరూ "నాకు తెలియకుండా రాశారు" అనరు. రైల్వే ఆయన ఆదివారాలు పొద్దున్న ఎవరు పిలిచినా వచ్చి గోడ చూసి చెప్తామన్నారు. డబ్బు పుచ్చుకోరు, టీ మాత్రం పుచ్చుకుంటారు, పంచదార లేకుండా.

చివరిగా ఒక్క విన్నపం. పోయిన ఏడాది పని తాలూకు కూలి ఏ మిస్త్రీకైనా మీ ఇంట్లో ఆగి ఉంటే, ఈ వారంలో గోడ దగ్గర ఇద్దరూ నిలబడి ఒకసారి చూసుకోండి. పని లోపమైతే సరిచేయించుకోండి. రంగు లోపమైతే కొట్టువాణ్ణి అడగండి. రెండూ కాకపోతే పండగ లోపల ఆ డబ్బు ఇచ్చేయండి. తేలకపోతే మమ్మల్ని పిలవండి, టేపు పట్టుకుని వస్తాం.